సుపేలా - భిలాయి సరుకు దారులు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి నగరంలో సుపేలా ఒక పేట. భిలాయి ఉక్కు కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. భిలాయికి సముద్రం లేదు. ఆ లోటు తీర్చేది మన విశాఖ రేవు. ఆస్ట్రేలియా కోకింగ్ బొగ్గు ఓడలో విశాఖకు చేరి, అక్కడ వ్యాగన్లకెక్కి విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్‌ల మీదుగా వస్తుంది. ఇనుప ఖనిజం దల్లీ రాజహరా గనుల నుంచి రైల్లోనే దిగుతుంది.

తయారైన సరుకులో లారీకెక్కేది వేరు, రైలుకే తగినది వేరు. 260 మీటర్ల అతుకు పట్టాలనే చూడండి: వరుస వ్యాగన్ల మీద పరుచుకొని, మలుపు వచ్చినచోట అంత ఉక్కూ వెదురుబద్దలా వంగి సాగుతుంది. ఇలాంటి సరుకుకు దారి ఎంచేది దూరం కాదు, దాని పొడవే.