ఆకలి నేర్పిన హాస్యం

మన సాహిత్య విమర్శలో తిండికి గౌరవస్థానం లేదు. సంస్కృత నాటకంలో విదూషకుడు కుడుముల కోసం అంగలార్చితే, హాస్యం కోసం పెట్టిన పాత్ర అని ఒక్క మాటతో దాటిపోతాం. వీరుడు యుద్ధం చెయ్యవచ్చును, ప్రేమించవచ్చును, విలపించవచ్చును. కాని ఆబగా అన్నం తింటే మాత్రం మన దృష్టిలో అతని స్థాయి తగ్గిపోతుంది. ఇది కడుపు నిండినవారి అభిప్రాయం. ఆకలి ఎరిగిన ప్రజలు తినే వీరుణ్ణి ప్రేమించారు. అతన్ని చూసి నవ్వుకొన్నారు. ఆ నవ్వులో తమ కోరికను చెప్పుకొన్నారు. ఈ హాస్యానికొక చరిత్ర ఉన్నది. దానిని ఇప్పుడు పరిశీలించవలసిన అవసరం ఎందుకు వచ్చిందో ముందుగా మనవి చేస్తాను.

నేను తెలుగు చెప్పే కళాశాలలో చాలామంది విద్యార్థులు అమీర్‌పేట, పంజగుట్ట హాస్టళ్లలో ఉంటారు. పొద్దున డిగ్రీ తరగతులు, సాయంత్రం మైత్రీవనం చుట్టుపట్ల కంప్యూటరు కోర్సులు. ఇంటినుండి వచ్చే డబ్బు ఫీజుకూ గది అద్దెకూ పోగా, మిగిలినదే తిండికి. హాస్టలు సాంబారు పలచనైన రోజున కర్రీ పాయింటులో ఒక కూర పొట్లం కొనుక్కొని ఇద్దరు పంచుకొంటారు. అన్నం ముందు కూర్చొని చేతిలోని ఫోనులో జపాను బొమ్మల చిత్రాలు చూస్తారు. వాటిని ‘యానిమే’ అంటారు. వీటిలో కొట్లాటా, నవ్వూ, తిండీ కలిసిన కథలంటే వారికి మరీ ఇష్టం. మా సహోపాధ్యాయులు కొందరు దీనిని దిగుమతి అయిన మత్తు అంటారు. మత్తు అని పేరు పెట్టినంత మాత్రాన అది ఎందుకు ఎక్కుతున్నదో తెలియదు గదా!

ఉదాహరణకు ‘బెన్-టో’ అనే కథను తీసుకొందాం. అసౌరా అనే రచయిత 2008లో మొదలుపెట్టిన నవలల ఆధారంగా 2011లో 12 భాగాల యానిమేగా వచ్చింది. నాయకుడు హాస్టలులో ఉండే హైస్కూలు కుర్రవాడు. రాత్రి కొట్టు మూసే వేళకు అమ్ముడుపోని అన్నపు డబ్బాలమీద ఉద్యోగి ‘సగం ధర’ చీటీ అంటిస్తాడు. అతనికి పిల్లలు పెట్టుకొన్న పేరు సగం ధర దేవుడు! దేవుడు లోపలికి పోయి తలుపు మూసుకొన్న మరుక్షణం యుద్ధం మొదలు. ఒకరినొకరు ఎత్తి పడవేస్తారు, గాలిలో ఎగిరి తన్నుకొంటారు. ఆ యుద్ధానికి నీతి కూడా ఉన్నది: చీటీ పడకముందే డబ్బాను పట్టుకొని నిలబడేవాడు పంది, నియమం పాటించి పోరాడేవాడు తోడేలు. గెలిచినవాడు వేడిచేసుకొని అన్నం తింటాడు. ఓడినవాడికి గిన్నెలో నూడుల్సే గతి.

ఒక డబ్బా అన్నం కోసం మహాయుద్ధమంత ఆర్భాటం చెయ్యడంలోనే ఇక్కడ హాస్యమున్నది. నా విద్యార్థులు ఆ ఆర్భాటానికి నవ్వుతారు. అన్నానికి మాత్రం నవ్వరు. దాని విలువ వారికి తెలుసు.

ఈ హాస్యం జపానులో పుట్టినది కాదు. భారతం ఆదిపర్వంలో బకవధ చూడండి. ఏకచక్రపురంలో పాండవులు బిచ్చమెత్తి బతుకుతున్నారు. తెచ్చిన అన్నంలో సగం భీముడికి, మిగతా సగం అందరికీ. ఆ ఊరికి బకాసురుడు రక్షకుడట! శత్రుభయం లేకుండా కాపాడుతున్నందుకు ఇంటింటి వంతున ఒక బండెడన్నం, రెండు దున్నలు, వాటిని తోలుకొని వచ్చిన మనిషి అతనికి కూలి. దేశపు రాజు చేతకానివాడని ఆ ఇంటి బ్రాహ్మణుడే చెప్పుకొని ఏడుస్తాడు. రక్షణ పేరిట కడుపు కొట్టే వ్యవస్థను ఇంత సూటిగా చెప్పిన ప్రాచీన కథలు మనకు ఎక్కువ లేవు. నిజాం పాలనలో వంతులవారీగా వెట్టి చేసిన తెలంగాణా పల్లెలకు ఈ కథ పురాణంలా వినిపించి ఉండదు.

అప్పుడు భీముడేం చేశాడు? బండి తోలుకొని పోయి, రాక్షసుణ్ణి పేరుపెట్టి పిలిచి, అతని ఎదుటనే అన్నం తినడం మొదలుపెట్టాడు. బకుడు వెనకనుండి రెండు చేతులా గుద్దుతాడు. భీముడు వెనుదిరిగి చూడడు. అన్నమంతా పూర్తిచేసి, చెయ్యి కడుక్కొని, అప్పుడు లేచి యుద్ధానికి వస్తాడు. ప్రజలను బాదే పన్నును, పన్ను పుచ్చుకొనేవాడి కళ్ళెదుట, బిచ్చమెత్తుకొనేవాడొకడు తినివేస్తున్నాడు! ఇక్కడి హాస్యానికి మూలం తిండిపోతుతనం కాదు, ధిక్కారం. అయితే దీని పరిమితి కూడా చెప్పాలి. ఊరు తనంతట తాను లేవలేదు. వచ్చినవాడు పరాయి వీరుడు. పైగా, తెల్లవారి ఊరివారు అడిగితే, మంత్రసిద్ధి గల ఒక బ్రాహ్మణుడు చంపాడని చెప్పారు. బ్రాహ్మణోత్సవం చేసుకొని ఊరు తృప్తిపడింది. పొట్ట బలంతో గెలిచిన విజయం మంత్రబలం ఖాతాలో పడింది.

భీముడి కొడుకు ఘటోత్కచుడు ఈ వారసత్వాన్ని తెరమీదికి తెచ్చాడు. వ్యాసభారతంలో లేని శశిరేఖా పరిణయం కథను జనం కల్పించుకొన్నారు. కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా వారి ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలయింది. ‘వివాహ భోజనంబు’ పాటలో ఎస్.వి.రంగారావు కౌరవుల పెళ్ళివిందు ముందు కూర్చొంటాడు. లడ్లు తమంతట తామే లేచి నోటిలోకి పోతాయి. మార్కస్ బార్ట్‌లీ కెమెరా పనితనం చూసి నేటికీ ఆశ్చర్యపడతాం. కాని ఆ సంవత్సరం ఎటువంటిదో కూడా గుర్తు చేసుకోవాలి. 1956 ఆగస్టులో మన ప్రభుత్వం అమెరికాతో పి.ఎల్. 480 ధాన్యపు ఒప్పందం చేసుకొన్నది. 1957లో ఆహారధాన్యాల ధరల పెరుగుదలను విచారించడానికి అశోక్ మెహతా అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. గోధుమ ఓడల కోసం ఎదురు చూస్తున్న దేశంలో, దొరల విందును ఒక అడవివాడు ఊడ్చి తినడం చూసి నేల టిక్కెట్టువాడు నవ్వాడంటే, అది వట్టి కాలక్షేపం అనగలమా?

జపానులోనూ ఇటువంటి హాస్యానికి పునాది ఆకలే. యుద్ధంలో ఓడిన తరువాత అక్కడ మనిషికి రోజుకు దాదాపు 300 గ్రాముల బియ్యం రేషను. అదైనా సమయానికి అందేది కాదు. 1946 మే 19న రాజప్రాసాదం ఎదుట దాదాపు రెండున్నర లక్షలమంది అన్నం కోసం ప్రదర్శన చేశారు. ‘ఆహార మేడే’ అని దానికి చరిత్రలో పేరు. ఆ సంవత్సరమే తకాషి యనసే అనే సైనికుడు చైనా యుద్ధరంగం నుండి ఇంటికి వచ్చాడు. అక్కడ పలచని గంజి తాగి, గడ్డి తిని బతికినవాడు. తమ్ముడు యుద్ధంలో చనిపోయాడు. న్యాయయుద్ధమని చెప్పి పంపినది ఓటమితో అన్యాయమయింది. ఏ పక్షం గెలిచినా తారుమారు కాని న్యాయం ఒక్కటే, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడమేనని అతను తేల్చుకొన్నాడు.

దాని ఫలితమే ‘అన్‌పాన్‌మాన్’. 1973లో బొమ్మల పుస్తకం, 1988లో యానిమే. వీరుడి తల తియ్యని పప్పుముద్ద పెట్టి కాల్చిన రొట్టె. ఆకలితో ఏడ్చేవాడు కనిపిస్తే తన ముఖాన్ని తుంచి పెడతాడు. పెట్టిన కొద్దీ అతని బలం తగ్గుతుంది. రొట్టెలు కాల్చే తాత కొత్త తల చేసి ఇస్తే మళ్ళీ లేచి, సూక్ష్మక్రిమి రూపంలోని దుష్టుణ్ణి ఒక్క గుద్దుతో ఆకాశానికి పంపుతాడు. దుష్టుడు చావడు, మరునాడు మళ్ళీ వస్తాడు. ముఖం తినిపించడం క్రూరమని ఆనాడు ఉపాధ్యాయులు, విమర్శకులు ముఖం చిట్లించారు. బాలబడులలోని పసిపిల్లలు మాత్రం పుస్తకం చిరిగేదాకా చదివించుకొన్నారు. పెద్దల కంటె వారే సరిగా అర్థం చేసుకొన్నారు.

భీముడు దోపిడీదారు అన్నం తిన్నాడు, ఘటోత్కచుడు దొరల విందు తిన్నాడు, అన్‌పాన్‌మాన్ తన్ను తాను పెట్టాడు. ఈ మువ్వురినీ తూచడానికి ఒకే రాయి ఉన్నది: కథ ముగిసేసరికి ఎవరి కడుపు నిండింది? ఆ రాతితోనే ‘బెన్-టో’ను తూచుదాం. అది వచ్చేనాటికి జపాను సంపన్నదేశం. కొట్టునిండా అన్నమున్నది. కాని అక్కడి ఉద్యోగులలో మూడోవంతుకు పైగా స్థిరమైన కొలువు లేనివారు. కొరత పోయి, కొనుగోలు శక్తి లేమి వచ్చింది. కథలో పిల్లలందరూ పేదలే, అందరూ ఆకలిగొన్నవారే. తన్నుకొనేది మాత్రం తమలో తాము. ధర నిర్ణయించినవాడి జోలికి ఎవరూ పోరు. చీటీ అంటించే జీతగాడు దేవుడయ్యాడు! వ్యవస్థను మార్చలేనివారు దాని నియమాలనే వీరధర్మంగా మార్చుకొన్నారు.

ఇది అమీర్‌పేట కుర్రవాడికి అర్థం కాకుండా ఉంటుందా? వందలమంది ఒకే కోర్సు చదివి, ఉన్న కొద్ది ఉద్యోగాలకు ఒకరితో ఒకరు తలపడుతున్నారు. ఆ కథలో అతను తన బతుకును చూసుకొంటున్నాడు. అందుకే ఆకర్షణ. అయినా ఆ కథను పూర్తిగా కొట్టివేయలేము. కొట్లాట ముగిశాక ఓడినవాళ్ళూ గెలిచినవాళ్ళూ ఒకచోట చేరి తింటారు. అవసరానికి మించి తీసుకోరాదన్న కట్టుబాటు పాటిస్తారు. పోటీ నేర్పిన సమాజంలోనే సహభోజనం కోరిక చావక మిగిలి ఉన్నదని దీని అర్థం.

అభ్యుదయ విమర్శకుడు చెయ్యవలసిన పని ఇక్కడ మొదలవుతుంది. విద్యార్థి చేతిలోని ఫోను లాక్కోవడం దండగ. అతనితో కలిసి కథ చూసి, బకవధ పాఠం పక్కన పెట్టి, రెండు ప్రశ్నలు అడగాలి: అన్నం ఎవరిది? కొట్లాట ఎవరితో? నగరపాలక సంస్థ 2014లో అయిదు రూపాయల భోజనం మొదలుపెట్టినప్పుడు, ఆ వరుసలో కూలివారి వెనక కోచింగు విద్యార్థులు కూడా నిలబడ్డారు. ఆ వరుసలో ఎవరూ ఎవరినీ తన్నలేదు. ఇచ్చినది కొద్దిదే, కాని అందరికీ అందుతుందన్న నమ్మకం ఉన్నచోట తోడేళ్ళ నీతికి పని లేదు. ఈ మాట తరగతి గదిలో చర్చకు వస్తే చాలు. విద్యార్థి నవ్వడం మానడు, మానవలసిన పనీ లేదు. ఎవరిని చూసి నవ్వాలో అతనే తేల్చుకొంటాడు.