ఒసగిన పదవిని మరల గైకొను హక్కు

పదవి నొసగువారు ప్రజలు. ఒసగిన పదవిని గడువు తీరకమునుపే మరల గైకొను అధికారము వారికి కలదా? అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్నకు నగర శాసనముననే "కలదు" అని మొదట వ్రాసికొన్నది లాస్ ఏంజిలస్ నగరము.

ఆ దినములలో కాలిఫోర్నియా రాజకీయములపై సదరన్ పసిఫిక్ రైలు కంపెనీ పలుకుబడి మెండు. ఎన్నికయైన సభ్యుడు ఓటరును మరచినను, మరల ఎన్నికలు వచ్చువరకు ఓటరు సహింపవలసినదే. జాన్ రాండాల్ఫ్ హేన్స్ అను వైద్యుడు దీనిని మాన్పనెంచి పట్టుదలతో ప్రచారము చేసెను. తత్ఫలితముగా 1903లో "రీకాల్" అను విధానము నగర శాసనమున చేరెను. నూటికి 25 వంతున ఓటర్లు కారణము తెలుపుచు సంతకములు చేసినచో, ఆ పదవికి మరల ఎన్నిక జరుపవలెను.

మరుసటి యేడే దీనికి పరీక్ష వచ్చెను. నగరపు ముద్రణ పనిని తక్కువ ధర కోరినవారికి గాక ఎక్కువ ధర కోరిన లాస్ ఏంజిలస్ టైమ్స్ పత్రికకు ఇచ్చుటకు డావెన్‌పోర్ట్ అను సభ్యుడు సమ్మతించెను. అచ్చు పనివారి సంఘము ఇల్లిల్లు తిరిగి సంతకములు సేకరించెను. 1904 సెప్టెంబరులో ఓటర్లు ఆయనను తిరస్కరించిరి. 1909లో మేయరు ఆర్థర్ హార్పర్ అవినీతి ఆరోపణలకు గురియై, రీకాల్ ఎన్నిక జరుగకమునుపే తానే పదవి వీడెను.

1938 నాటి ఉదంతము మిక్కిలి దారుణము. మేయరు ఫ్రాంక్ షా పాలనలోని అవినీతిపై క్లిఫర్డ్ క్లింటన్ అను భోజనశాల యజమాని ఉద్యమించెను. 1937లో ఆయన యింట బాంబు ప్రేలెను. 1938 జనవరిలో ఆ పక్షమున పరిశోధన సాగించుచున్న హారీ రేమండ్ కారులో మరియొక బాంబు ప్రేలెను. ఆయన తీవ్రముగా గాయపడియు బ్రతికెను. ఈ నేరమునకు శిక్ష పొందినవాడు పోలీసు కెప్టెనే! ఆ సెప్టెంబరులో పౌరులు షాను తొలగించి న్యాయాధిపతి ఫ్లెచర్ బౌరన్‌ను మేయరుగా ఎన్నుకొనిరి.

అయినను ఈ ఆయుధము సర్వరోగనివారిణి కాదు. సియాటిల్ నగరమున 1911లో మేయరు హైరమ్ గిల్ రీకాల్‌చే తొలగింపబడెను. అంతకు కొలది మాసముల ముందే ఓటుహక్కు పొందిన స్త్రీలు అందు ముఖ్యపాత్ర వహించిరి. అదే నగరము 1914లో ఆయననే మరల మేయరుగా ఎన్నుకొనెను! ఓడిన అభ్యర్థి పగ తీర్చుకొనుటకును, ధనికుడు సంతకములను కొనుటకును ఈ విధానము త్రోవ చూపవచ్చును. సంతకముల సంఖ్యను హెచ్చుగా నిర్ణయించుట అందుకే.

1904లో అచ్చు పనివారికి బలమిచ్చినది రెండు ధరల నడుమనున్న తేడా. అది అంకెలలో నుండెను. ఓటర్లు దానిని చదివి తెలిసికొనగలిగిరి. లెక్క చదివి చేసిన సంతకము తీర్పగును. చదువక చేసినది వట్టి చేవ్రాలు మాత్రమే. ప్రజల చేతికి హక్కు నిచ్చునది శాసనమైనను, దానిని వినియోగించు వివేకమును గ్రంథాలయములే పెంపొందింపవలెను.