కంటికి కనిపించని సెగ

నా చిన్నప్పుడు తరావీహ్ నడుస్తుండగానే మా మొహల్లాలో కరెంటు పోయేది. అబ్బా బయటికొచ్చి స్తంభం వైపు నజర్ పెట్టేవారు. అంతకుముందు దాకా జంపర్ జాయింటు నిప్పుకణికలా మెరిసిందని ఎవరో చెప్పేవారు. లైన్‌మన్ వచ్చి బిగించేదాకా అందరికీ ఇంతిజార్. ఆ ఎరుపు వెనక పెద్ద తారీఖే ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

చూపు కంటి నుంచి బయటికి వెళ్లదు, వెలుగే కంటిలోకి వస్తుందని 11వ శతాబ్దంలో ఇబ్నుల్ హైసమ్ 'కితాబుల్ మనాజిర్'లో రాశారు. కంటికి అందని వెలుగూ ఉందని తెలియడానికి మాత్రం 1800 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది విలియం హెర్షెల్ గాజు పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, ఒక్కో రంగులో థర్మామీటర్ పెట్టి చూశారు. ఎరుపు దాటాక, ఏ రంగూ లేని చోట, పాదరసం ఇంకా పైకెక్కింది. అదే ఇన్‌ఫ్రారెడ్, పరారుణ కిరణం. 1840లో ఆయన కొడుకు జాన్ ఆ వేడికి బొమ్మ తీసి చూపించారు.

ఏ వస్తువైనా దాదాపు 525 డిగ్రీలకు చేరితేగానీ ఎర్రగా కనిపించదని 1847లో జాన్ డ్రేపర్ తేల్చారు. అల్యూమినియం కరిగేది 660 దగ్గర. అంటే మా అబ్బా కాలంలో జాయింటు ఎర్రబడే సరికే కథ దాదాపు ఖతం!

1965లో స్వీడన్‌లోని ఆగా కంపెనీ కరెంటు లైన్ల తనిఖీకి థర్మల్ కెమెరా తెచ్చింది. మరుసటి ఏడాది, 1966లో, మన పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ స్టేషన్ మొదటి యూనిట్ నడిచింది. బొగ్గు కాల్చి తీసిన కరెంటు వదులు జాయింటు దగ్గర మళ్లీ వేడిగా మారిపోతుంది. కరెంటు రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలవుతుంది. అందుకే లోడు ఉన్నప్పుడే తనిఖీ చేయాలి. ఎండ ధోకా ఇవ్వకుండా, మగ్రిబ్ దాటాక ఇంకా మేలు. మూడు ఫేజుల్లో ఒకటే వేడెక్కి ఉంటే అక్కడే మర్జ్. కుప్పపోసిన బొగ్గు లోలోపల రాజుకున్నా పైపొరకు సెగ తగలగానే ఈ కెమెరా పట్టేస్తుంది.

ఒక గలత్‌ఫహమీ తొలగించుకోవాలి. ఇది ఎక్స్‌రే కాదు, లోపలికి చూడదు. పైకి వచ్చిన వేడినే చదువుతుంది. తళతళలాడే కొత్త లోహం కాలుతున్నా చల్లగా ఉన్నట్టు చూపిస్తుంది. చూసేవాడికి ఇల్మ్ లేకపోతే కెమెరా ఉన్నా బేకార్.

అడవి దారిలో లైన్ తెగితే గూడేలు రాత్రంతా చీకట్లోనే. స్తంభం ఎక్కేది ఎవరో ఒక తల్లి బిడ్డ. అరవై డిగ్రీల దగ్గరే జాయింటు బుఖార్ తెలిస్తే, సప్లై ఆపి, పట్టపగలు నిమ్మళంగా బిగించొచ్చు. వానలో, చీకట్లో ఆ బిడ్డ స్తంభమెక్కే పని తప్పుతుంది.