ఏడు బిట్ల దారిలో తెలుగు

ఆస్కీ అనే సంకేత పట్టిక 1963లో అమెరికాలో ప్రమాణంగా వెలువడింది. అందులోని 128 స్థానాలు ఆంగ్ల అక్షరాలకు, అంకెలకు, విరామ చిహ్నాలకు, యంత్రానికిచ్చే ఆదేశాలకు సరిపోగా మరో లిపికి చోటు మిగలలేదు. ఒక్కో గుర్తుకు ఏడు బిట్లు, అంటే ఏడు సున్నా-ఒకట్ల వరుస చాలును; 1982 నాటి ఇమెయిల్ నియమావళి కూడా ఆ ఏడింటికే పూచీ పడినందున, ఎనిమిదో బిట్టును వాడిన ఫైలు దారిలోనే చెడిపోయే ప్రమాదం ఉండేది. ఆంగ్ల పాఠానికీ చిక్కులు తప్పలేదు: ఐబీఎం పెద్ద యంత్రాలు ఎబ్సిడిక్ అనే వేరే పట్టికను అనుసరించేవి, పంక్తి ముగింపుకు యూనిక్స్ ఒక గుర్తును, డాస్ రెండు గుర్తులను వాడేవి.

ఈ ఇబ్బందిని దాటడానికి ఫైళ్లను మూటకట్టే పద్ధతులు పుట్టాయి. యూనిక్స్ లోని టార్ అనేక ఫైళ్లను ఒకటిగా చేర్చగా, యూయూఎన్‌కోడ్ ప్రతి మూడు బైట్లను అచ్చులో కనిపించే నాలుగు గుర్తులుగా మార్చేది. 1989లో వచ్చిన జిప్ ఫైలును కుదించడమే కాక, చేరినది చెడిందో లేదో తేల్చే తనిఖీ సంఖ్యనూ వెంట పంపింది. 1992లో మైమ్ నియమాలతో ఇమెయిల్లోకి వచ్చిన బేస్64, ఆస్కీకీ ఎబ్సిడిక్‌కీ ఉమ్మడిగా ఉన్న గుర్తులనే ఎంచుకుంది.

అయితే మూట క్షేమంగా చేరినంత మాత్రాన అందులోని తెలుగు చదవడానికి వీలయ్యేది కాదు. దీనికి అతి సమర్థమైన సమాధానం 1990ల ఆరంభంలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న తెలుగువారి నుంచి వచ్చింది. రామారావు కన్నెగంటి, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి తెలుగును ఆస్కీ అక్షరాలలోనే రాయించింది. వారి రిట్ అనే ప్రోగ్రాము ఆ పాఠాన్ని తిరిగి తెలుగు లిపిలోకి తెచ్చేది. పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ వేర్వేరు విలువలివ్వడం ఇందులోని కీలకం. దసరా రాత్రి బన్ని ఉత్సవానికి పేరుపొందిన కర్నూలు జిల్లా దేవరగట్టును ఈ పద్ధతిలో రాయాలంటే, దీర్ఘమైన ఏత్వానికి ఆంగ్లంలోని పెద్ద ‘ఇ’ని, టకార ద్విత్వానికి పెద్ద ‘టి’ని రెండుసార్లు వాడి మొత్తం పదకొండు అక్షరాలతో ముగించవచ్చు. ఆ పదకొండూ ఏ యంత్రం మీదుగానైనా చెదరకుండా పోతాయి, రిట్ లేనివారు సైతం వాటిని కంటితో చదువుకోగలరు. మూట విప్పే సాధనం లేకపోయినా సరుకు అందే ఈ గుణం యూయూఎన్‌కోడ్‌కు గానీ జిప్‌కు గానీ లేదు; విదేశాల్లోని తెలుగువారు తొలినాళ్ల యూజ్‌నెట్ చర్చల్లో తమ భాషలో రాసుకోగలగడానికి ఇదే ఆధారమైంది.

భారతదేశంలో 1991లో ప్రమాణమైన ఇస్కీ, బ్రాహ్మీ సంతతికి చెందిన ప్రధాన భారతీయ లిపులకు ఉమ్మడి సంకేతాలిచ్చింది. అందులో దేవరగట్టుకు తొమ్మిది బైట్లు చాలు. కానీ అచ్చుపనిలో, పత్రికల వెబ్‌సైట్లలో ఫాంటుకొక సొంత పట్టిక పాతుకుపోయి, ఆ ఫాంటు లేని యంత్రంలో తెలుగు అర్థం లేని గుర్తులుగా కనిపించేది. ఇంత శ్రమతో రాసినది ఒక్క ఫాంటుకు బందీ కావడం భాషకు జరిగిన నిజమైన నష్టం. 1991లోనే తెలుగుకు చోటిచ్చిన యూనికోడ్ వాడుకలోకి రావడానికి మరో పదేళ్లకు పైగా పట్టింది. దాని యూటీఎఫ్-8 రూపంలో దేవరగట్టుకు 27 బైట్లు కావాలి, బేస్64 మూటలో అవి 36 గుర్తులవుతాయి. పాత ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే బాధ్యతను పద్మ వంటి ఉపకరణాలు తలకెత్తుకున్నాయి. ఆర్‌టీఎస్ మాత్రం రవాణా పని ముగిశాక కీబోర్డు దగ్గర స్థిరపడి, లేఖిని వంటి సాధనాల్లో తెలుగు టైపు చేసే పద్ధతిగా నిలిచింది.