మూగజీవములు తిరుగబడిన కథలు

మన గ్రంథాలయమునకు వచ్చువారు ఏ పుస్తకములను ఎక్కువగా కోరుదురో తెలియవలెనన్న, ఒక సాయంకాలము అరుగుమీద కూర్చుండి వినిన చాలును. నీతిగ్రంథము బీరువాలో నిద్రించును. పులికథ చేతులు మారి మారి అట్ట ఊడి తిరిగివచ్చును. పులియో, పామో, పక్షులో మనుష్యునిపై తిరుగబడిన కథ యన్నచో వయసు మళ్లినవారు సైతము దీపము దగ్గరకు జరిగి చదువుదురు. ఇది పాశ్చాత్యులు మనకు అంటించిన కొత్త రుచియని కొందరి అభిప్రాయము. నాకు అట్లు తోచదు.

11వ శతాబ్దమున నన్నయభట్టు రాజమహేంద్రవరమున రచించిన ఆదిపర్వమును తెఱచి చూడుడు. అందు కథ యుద్ధముతో మొదలు కాదు. ఒక కుక్కపిల్ల దెబ్బలు తినుటతో మొదలగును. జనమేజయుడు యాగము చేయుచుండగా సరమ యను దేవశునకము కొడుకు అక్కడికి వచ్చెను. అది ఏ తప్పును చేయలేదు. అయినను రాజు తమ్ములు దానిని కొట్టిరి. తల్లి వచ్చి రాజును నిలదీసి, నిరపరాధులను బాధించినవారికి కారణము తెలియని భయములు కలుగునని చెప్పి వెడలిపోయెను. ఆమె కరువలేదు, మీద పడలేదు. ఎటునుండి వచ్చునో తెలియని భయము! నేటి భయానక రచయితలు అమ్ముకొనుచున్న సరకు ఇదియే కదా.

ఆ వంశమునకు మరియొక పాత బాకీ కలదు. ఖాండవవనము కాలుచుండగా కృష్ణార్జునులు అందలి ప్రాణులను బయటికి పోనీయలేదు. తక్షకుడు ఆ సమయమున కురుక్షేత్రమున నుండుటచే బ్రతికెను గాని, అతని భార్య అర్జునుని బాణమునకు బలియయ్యెను. ఆ అర్జునుని మనుమడే పరీక్షిత్తు. శమీకమహర్షి భుజముపై చచ్చిన పామును వేసినందుకు, ఏడు దినములలో తక్షకునిచే చత్తువని మునికుమారుడు శపించెను. రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించి కాపలా పెట్టించెను. ఏడవనాటి సాయంకాలము పండులో చిన్న పురుగు కనబడెను. వ్యాసభారతమున రాజు నవ్వి, ఆ పురుగును తన మెడమీద తానే పెట్టుకొనును. చదువుచున్న మనకు ఆ పురుగెవరో తెలియును, ఆయనకు తెలియదు. ఇంతకు మించిన భయానక ఘట్టమును నేను మరెక్కడను చదువలేదు. మరణమునకు శాపమే కారణమని పెద్దలందురు. ఖాండవపు లెక్క కూడ అందు కలిసినదని నా తలంపు. చిట్టాలు వ్రాయువాని బుద్ధి అట్లే పోవును.

అరబ్బు దేశములందును ఈ ఆలోచన కలదు. 10వ శతాబ్దమున బస్రా నగరపు విద్వాంసులు కొందరు వ్రాసిన ఒక గ్రంథములో జంతువులు మనుష్యులపై జిన్నుల రాజునొద్ద దావా వేయును. తీర్పు చివరకు మనుష్యులకే అనుకూలమైనది. నా మట్టుకు జంతువుల వాదమే బలముగా నున్నది.

కల్పన విడిచి నిజమునకు వత్తము. 1907లో కుమావూ కొండలలో జిమ్ కార్బెట్ కాల్చిన చంపావత్ ఆడపులి 436 మందిని చంపినదని లెక్క. దాని కుడివైపు కోరలు ఏనాటిదో తుపాకి దెబ్బకు విరిగియుండెను. సహజమైన వేట సాగకనే మనుష్యునిపై పడెనని ఆయన 1944లో వెలువడిన తన పుస్తకమున వ్రాసినాడు. అక్కడి పల్లెవాసులు దినముల తరబడి గడప దాటలేదు. వారికి అది రుచికరమైన కథ కాదు. మనము తలుపు వేసికొని చదువుదుము గనుక రుచించుచున్నది.

1952లో డాఫ్నీ డ్యూ మోరియే అను ఆంగ్ల రచయిత్రి పక్షులు మూకలుగా మనుష్యులపై పడిన కథను వ్రాసినది. ఏల పడినవో చెప్పలేదు. 1963లో హిచ్‌కాక్ దానిని చలనచిత్రముగా తీసెను. అంతకు ముందు 1961 ఆగస్టులో కాలిఫోర్నియా తీరమున సముద్రపక్షులు మతిచెడినట్లు ఇండ్లకు కొట్టుకొని పడెను. ఆ వార్త హిచ్‌కాక్ దృష్టికి వచ్చినది. సముద్రపు నాచువంటి సూక్ష్మజీవుల విషము ఆహారము ద్వారా వానికి సోకియుండునని శాస్త్రజ్ఞులు తరువాత తేల్చిరి. పాపము, పగ పట్టినవనుకొన్న పక్షులు విషము తిన్న రోగులు!

ఇట్టి కథలు ఊరక పోవు. 1974లో పీటర్ బెంచ్‌లీ సొరచేపపై నవల వ్రాసెను, మరుసటి యేడు అది చలనచిత్రమైనది. జనులు సొరచేపలను పగవారిగా చూచి వేటాడుట చూచి, ఆయన తన శేషజీవితమున చాల భాగము వాని రక్షణకే వెచ్చించెను.

మన ఊరిలో పాముభయము ఊహ కాదు. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటుచే ఏటా సగటున 58,000 మంది మరణించిరని పరిశోధకుల అంచనా. అందు అధికులు పల్లెవారే. అయినను కఱ్ఱ దెబ్బలు తినునది కట్లపాము ఒక్కటియేనా? గాదెలో ఎలుకలను తిను జెఱ్ఱిపోతునకును అదే గతి.

ఆదిపర్వమునందే రురుని కథ కలదు. పాముకాటునకు గురియైన ప్రమద్వరను తన సగము ఆయువిచ్చి బ్రతికించుకొన్న రురుడు, అది మొదలు కనబడిన ప్రతి పామును చంపుచుండెను. ఒకనాడు విషములేని ముసలి పాము, నేను నీకేమి చేసితినని అడిగినది. అది పూర్వము సహస్రపాదుడను ఋషి. చిన్నతనమున వేడుకకై గడ్డితో పామును చేసి, అగ్నిహోత్రమునందున్న స్నేహితుని బెదరించెను. ఆ స్నేహితుడు మూర్ఛపోయి, లేచి, నీవును అట్టి పామువే కమ్మని శపించెను. రురుడు ఎత్తిన కఱ్ఱ దించెను. జనమేజయుని సర్పయాగము ఎట్లు ఆగినదో తండ్రిని అడుగుటకై ఇంటికి బయలుదేరెను.