ఎవరూ చూడని వేట: కొలోసల్ స్క్విడ్ ఆహార చరిత్ర

విద్యార్థులారా! చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. ఒక జీవి గురించి మనిషి తెలుసుకున్న విషయాలకు కూడా చరిత్ర ఉంటుంది. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రపు లోతుల్లో నివసించే కొలోసల్ స్క్విడ్ ఏం తింటుంది, ఎలా తింటుంది అన్న ప్రశ్న ఇందుకు మంచి ఉదాహరణ.

1925లో బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త గై రాబ్సన్ ఈ జీవిని తొలిసారి వర్ణించి, దానికి శాస్త్రీయ నామం పెట్టారు. అప్పుడు ఆయనకు పూర్తి శరీరం దొరకలేదు. ఫాక్లాండ్ దీవుల సమీపంలో వేటాడిన స్పెర్మ్ తిమింగలం కడుపులో లభించిన రెండు చేతుల గుత్తులే ఆధారం. అంటే ఈ వేటగాడు మనకు మొదట పరిచయమైంది మరో జీవి ఆహారంగానే!

శరీర నిర్మాణం కూడా కొంత చెబుతుంది. చేతులపై చూషకాలతో పాటు పదునైన కొక్కేలు ఉన్నాయి. జారిపోయే చేపను పట్టి ఉంచడానికి అవి తగినవి. నోటిలో చిలుక ముక్కు వంటి గట్టి దవడలున్నాయి. స్క్విడ్‌లలో ఆహారవాహిక మెదడు మధ్యగా సాగుతుంది. కాబట్టి ఎరను చిన్న ముక్కలుగా కోసి మింగాలి.

2007 ఫిబ్రవరిలో రాస్ సముద్రంలో న్యూజిలాండ్ పడవ ఒకటి టూత్‌ఫిష్ అనే చేపలను గాలాలతో పడుతోంది. గాలానికి చిక్కిన చేపను వదలకుండా 495 కిలోల స్క్విడ్ పైకి వచ్చింది. దానిని వెల్లింగ్టన్‌లోని టె పాపా మ్యూజియంలో భద్రపరచారు. ఇది టూత్‌ఫిష్‌ను తింటుందనడానికి ఇది బలమైన ఆధారం. అయితే గాలానికి చిక్కిన చేప పారిపోలేదు కదా! కనుక ఎలా వేటాడుతుందో దీనివల్ల తేలలేదు.

ఇంత పెద్ద జీవి వేగంగా తరిమి వేటాడుతుందని పలువురు ఊహించారు. 2010లో రుయి రోసా, బ్రాడ్ సీబెల్ దీని దగ్గరి బంధువులైన స్క్విడ్‌ల జీవక్రియ రేటును బట్టి లెక్క వేశారు. చల్లని నీటిలో మందకొడిగా బతికే 500 కిలోల స్క్విడ్‌కు 5 కిలోల టూత్‌ఫిష్ ఒక్కటే సుమారు 200 రోజులకు సరిపోతుందని అంచనా కట్టారు. ఇది మాటు వేసి ఎరను పట్టే జీవి అని వారి అభిప్రాయం.

2025 మార్చిలో, దక్షిణ శాండ్‌విచ్ దీవుల వద్ద, 600 మీటర్ల లోతున, సజీవమైన కొలోసల్ స్క్విడ్‌ను దాని సహజ నివాసంలో తొలిసారి చిత్రీకరించారు. అది 30 సెంటీమీటర్ల పిల్ల. పెద్ద స్క్విడ్ వేటను మాత్రం ఇంకా ఎవరూ చూడలేదు.

కడుపులో దొరికినది, గాలానికి వచ్చినది, లెక్కలో తేలినది: మూడూ ఆధారాలే, కానీ మూడింటి బలం ఒకటి కాదు. ఏ ఆధారం ఎంతవరకు చెబుతుందో, ఎక్కడ ఆగిపోతుందో గుర్తించడమే చరిత్ర విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి పాఠం.