ధ్రువీకరణ రద్దు: వినని వాదన

ప్రమాణాలు పాటించడం లేదంటూ 1977లో అమెరికా ఆరోగ్య, విద్యా, సంక్షేమ శాఖ ఫిలడెల్ఫియాలోని టౌన్ కోర్ట్ నర్సింగ్ సెంటర్ ధ్రువీకరణను రద్దు చేసింది. అందులో 198 పడకలు. మెడికెయిడ్ చెల్లింపులు ఆగితే వాటిపై ఆధారపడినవారు మరో చోటు వెతుక్కోవలసిందే. ముందుగా తమ మాట వినాలని ఆరుగురు వృద్ధులు దావా వేశారు. ఈ వయసులో తరలింపు ప్రాణాంతకమని వాదించారు.

1980లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అర్హత గల కేంద్రాన్ని ఎంచుకోవడమే వారి హక్కనీ, అర్హత కోల్పోయినచోట కొనసాగడం కాదనీ, వారికి కలిగే నష్టం పరోక్షమనీ జస్టిస్ స్టీవెన్స్ రాశాడు. బ్రెన్నన్ ఒక్కడే విభేదించాడు. తర్కం నిర్దుష్టమే. కాని పడక, నర్సు, పక్కగది స్నేహితుడు ఒక్కసారిగా దూరమైన రోగికి ఆ నష్టం పరోక్షమెలా అవుతుంది?

1987 సంస్కరణ చట్టం రద్దుకు ప్రత్యామ్నాయాలను విస్తరించింది: జరిమానాలు, కొత్తగా చేరేవారికి చెల్లింపుల నిలుపుదల, తాత్కాలిక నిర్వాహకుడు. తప్పు చేసిన యజమానిని దండించడానికి వృద్ధులను ప్రతిసారీ కదిలించనక్కరలేకపోయింది.